శకారాల ఇల్లు

పోర్తోలో మార్చి వాన.
దోరు నది పొగమంచు సగం మెట్లెక్కి ఆగిపోయింది.
నోటరీ అబీలియో గారింటికి
మూడో అంతస్తు దాకా పనిముట్ల పెట్టె మోశాను.

"పాడుతున్నది నా గాయని కాదమ్మా,
ఎవరో గాజుపెంకు మీద మేకుతో గీస్తున్నారు" అన్నాడు.

మా భాషలో సగం మాటలు శకారంతోనే ముగుస్తాయి.
ఆ ఇంట్లో ప్రతి శకారమూ
పళ్ళ మూలాల్లో జివ్వుమంటోంది.

చేయనిది లేదట.
వెండి తీగలు వేయించాడు, నా వ్యాను ఖరీదంత.
ఆంప్లిఫయర్‌లో వాల్వులు రెండుసార్లు మార్చాడు.
స్పీకర్ల కింద ఇత్తడి మేకులు, మేకుల కింద నల్లరాయి.
ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి రాత్రంతా విన్నాడు;
పొద్దున వంటింట్లో చేపల కంపు,
హాల్లో అదే కీచు.

సూది చూశాను. దుమ్ము లేదు.
కుడి తీగ ఎడమకి, ఎడమది కుడికి మార్చాను.
కీచు ఎటూ జరగలేదు.
అన్నీ ఆపమని
గది నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టాను.

టర్ర్‌ర్‌మని,
ఇనపగొలుసు మెట్ల మీద దొర్లినట్టు
గది జవాబిచ్చింది.

ఎదురుగోడంతా నీలం పలకలు, అద్దమంత నునుపు.
నాలుగు చోట్ల మరమేకుల గుంతలు.
నేలచెక్క మీద ఎండ తగలని పొడవాటి చార.

"ఇక్కడేముండేది?"
ఆయన కిటికీ వైపు తిరిగాడు.
"నాన్న పుస్తకాల బీరువా. నవంబరులో
పంపకాలప్పుడు చెల్లెలు ఎర్మెలింద పట్టుకుపోయింది."
"కీచు ఎప్పటినుంచి?"
వేళ్ళు మడిచాడు. మూడో వేలి దగ్గర ఆగిపోయాడు,
ఊరందరి వీలునామాలూ రాసే మనిషి.

సామాను చుట్టే బొంతలు వ్యానులోంచి తెచ్చి
గోడకి వేలాడదీశాను. మళ్ళీ అదే పాట.
ఈసారి ముందు ఊపిరి వినిపించింది.
శకారం పెదవుల దగ్గర పుట్టి
అక్కడే ఆరిపోయింది.

ఇన్నేళ్ళూ శబ్దాన్ని చెదరగొట్టి
మెత్తన చేసింది ఆ పుస్తకాలేనని చెప్పాను.
"సగం నేను చదవనే లేదు" అన్నాడు.
చదవక్కర్లేదు,
ఎగుడుదిగుడుగా నిలబడితే చాలు.

ఎనిమిదో రోజు బొంతల కోసం వెళ్తే
ఫోను భుజానికి నొక్కిపట్టి తలుపు తీశాడు.
అవతల ఆడగొంతు, ఖరాఖండీగా:
"చట్టం పుస్తకాలైతే ఇస్తాను. నవలలు ఇవ్వను."
"లావువీ సన్నవీ కలిపి పంపు" అంటున్నాడు,
రెండో చేత్తో గాల్లో
ఎత్తు చూపిస్తూ,
ఆవిడకి కనబడుతున్నట్టు.