ఎడమచేతి అట్ట

తాంపెరేలో నవంబరు. మూడున్నరకే చీకటి.
పాత నూలుమిల్లు మేడమీద
బల్ల నిండా రికార్డు అట్టలు,
ఐదుగురం, తలా ఒక మార్కుల కాగితం.

పద్నాలుగో నంబరు, తోయివో రన్తానెన్.
రాక్ గాయకుడు, మొహం మాత్రం ఎక్కడా లేదు.
గరుకు బూడిదరంగు అట్ట,
కోడిగుడ్ల ట్రేకి దగ్గరి చుట్టం.
అక్షరాలు లోపలికి నొక్కారు, సిరా పెట్టలేదు.
చదవాలంటే దీపం కిందకి వంచాలి,
లేదా కళ్ళు మూసుకుని వేలితో తడమాలి.
అచ్చుకి తొమ్మిది వేశాను.
వీపు మీద పేరు మరీ సన్నం,
అరలో పెడితే తప్పిపోతుంది. ఏడు.

మూడు మడతలు విప్పితే
మంచు మీద ఒక డ్రమ్ముల పీట,
చుట్టూ ఎవరి అడుగులూ లేవు.
"అందంగా ఉంది" అంది హిల్కా.
అందమంటే నాకు తొందరగా అనుమానం.

రికార్డు తీయబోతే రాదు.
వేలు పట్టే అర్ధచంద్రపు గాటు
ఎడమవైపు కోశారు.
గుంజితే గోరు విరిగింది.
"వాడకానికి ఇబ్బంది. నాలుగు."

కాఫీ తెచ్చిన అచ్చుపని ముసలాయన ఓస్మో
చూడకూడని కాగితం చూశాడు.
"ఆ కోత కత్తి బిగించింది నేనే.
కుడికి మారుద్దామంటే తోయివో ఒప్పుకోలేదు.
యార్మోది ఎడమచేతివాటం కదా!"
యార్మో ఎవరో లోకమంతటికీ తెలిసినట్టు అనేసి
చక్కెర వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఈసారి ఎడమచేత్తో లాగాను.
వచ్చింది, మెల్లగా,
ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడుతో.

నాలుగు కొట్టేయలేదు.
కొనేవాళ్ళవి ఎక్కువగా కుడిచేతులే, ఇబ్బంది ఇబ్బందే.
ఆ గడి పక్కన మాత్రం
విరిగిన గోటితో ఒక అర్ధచంద్రం నొక్కాను.
మార్కులు కూడేవాళ్ళు
కాగితాన్ని దీపం కింద వంచుతారో లేదో.