కూలర్ బంద్ పెట్టి

మూడు నెల్ల కిరాయికి బదులు
మల్సూరు తన మిషన్ దించిండు మా రేకుల షెడ్ల.
నర్సంపేట రోడ్డు మీద ట్రాలీలు చేసే కంపెనీ
మూతవడ్డది.
"పైసల్లేవు భూలచ్చక్కా. పని ఉన్నది.
నేర్పుత" అన్నడు.
ఇరవై రెండేండ్ల సంది జాకెట్లు కుట్టే చెయ్యి నాది.
నవ్విన.
నైలాన్ చీర ఒద్దన్నడు,
నిప్పురవ్వ పడితె ఒంటికి అంటుకుంటదట.
మా ఆయన పాత జీన్సు తొడిగి గల్మ దాటిన.
శివనగర్ గల్లీ అంత సూసింది.
సూడనీ.

రాగిరంగు తీగ, కండెకు చుట్టి ఉంటది.
"బిగువు ఎక్కువైతె నలుగుతది,
తక్కువైతె జారుతది అక్కా..."
గిది నాకు ఎవ్వలన్న చెప్పాల్నా?
తొలినాడే తీగంత రోలర్ల కాడ చిక్కువడి
పిట్టగూడయ్యింది.
బాబిన్ కింద దారం గూడు గట్టినప్పుడు
నా చేతులు ఏం జేస్తయో గదే చేసినయి:
కత్తిరిచ్చి, కొస సక్కగజేసి, మల్ల ఎక్కిచ్చినయి.
మల్సూరు మాట్లాడలే.

సిలిండర్ల ఉండేది కంటికి కానరాదు.
కరిగిన ఇనుమును బయటి గాలి ముట్టకుంట
కావలి గాస్తది.
అందుకే ఫ్యాన్ ఒద్దు, కూలర్ బంద్,
పొగ పోను మీది కిటికి ఒక్కటే.
మే నెల.
రేకుల కింద.
ఒక్కసారి ఓర్వలేక ఫ్యాన్ ఏసిన.
అతుకంత బొక్కలు బొక్కలు, దోసె లెక్క.
"ఇగ తినుడే" అన్నడు.

"చెవితోని సూడు" అన్నడు ఇంకోనాడు.
తీగ జోరెక్కువైతె తుపాకి
నా చేతిని ఎనకకు నూకుతది, టపటప.
సరిగ్గ కుదిరితె
సకినాలు నూనెల ఏగినట్టు,
ఒక్క తీరుగ.
మీటలు తిప్పుకుంట, చెవి ఒగ్గి,
నేను మా అమ్మ మూకుడు ముంగట కూసున్న.
ఏడు గొట్టంగ ఆ చప్పుడు మారుతది.
వాడకట్టంత మోటర్లేస్తరు, ఓల్టేజి కుంగుతది.
మా అతుకుకు ఎదురింటి స్వరూప టీవీ మిణుకుమంటది.
ఆమె గోడ మీదికెల్లి తిట్టినంక
ఆపి, చాయ్ పెడత. ఆమెకు సుత.

ముసుగు దించితె చీకటి.
ఆ చీకట్ల మెరుపు,
మెరుపు ఎనక కందిగింజంత కరిగిన మడుగు.
"మెరుపును సూడకు. మడుగును సూడు."
వారం దినాలు మెరుపునే సూసిన.
ఒకనాడు ముసుగు దించకముందే నొక్కిన,
రాత్రంత కండ్లల్ల మిరప్పొడి.

పదకొండోనాడు నా అతుకు సూసి నేనే మురిసిన,
జాకెట్ మెడకు పైపింగ్ ఏసినట్టు నున్నగ.
మల్సూరు మెచ్చుకోలే.
వైస్ల బిగిచ్చి, సమ్మెట తీసి
ఒక్కటే దెబ్బ.
టక్కున ఊడింది.
కింది పలక మీద గీత సుత లేదు.
"పైన కూసున్నది అక్కా. లోపలికి దిగలే."

ఆ రాత్రి నిద్ర రాలే.
పండుగ గిరాకిల తొందరకు
లోపల ఓవర్లాక్ ఎయ్యకుంట ఇచ్చిన జాకెట్లు
ఒక్కొక్కటి మతికొచ్చినయి.

తెల్లారి కరెంటు పెంచిన. పలక బొక్కవడ్డది.
కొద్దిగ దించిన. మల్ల బొక్క.
చెయ్యి తొందరవడుతున్నదా, ఆగుతున్నదా,
తెల్వకనే ఎన్ని ముక్కలు ఖరాబు జేసిన్నో!
ఆఖరుకు ఒకటి ఒచ్చింది,
గొంగళి పురుగు పాకినట్టు వికారంగ.
సమ్మెట దెబ్బకు పలక వంగింది.
మల్ల కొడితె ఇంకింత వంగింది.
అతుకు ఊడలే.
మల్సూరు సమ్మెట నా చేతికిచ్చిండు.
నేను సుత కొట్టిన. గట్టిగనే కొట్టిన.

ఆ వంకర ముక్క ఇప్పుడు దుకాణంల
ఇస్త్రీపెట్టె కింద ఉంటది.
"ఇదేందక్కా, గింత ఖరాబుగున్నది?"
కొలతలియ్యనొచ్చిన పిల్ల అడుగుతది.
"చేతులు లేపు బిడ్డా" అంట, టేపు పట్టుకొని.

మల్సూరు ఇంకొక నెల బాకీ ఉన్నడు.
నిలువు అతుకు.