పద్నాలుగు

సోమ, బుధ, శుక్రవారాలు
తెల్లారగట్ల ఐదింటికి
మతుజీన్యుష్ చేపలరేవు వెనకసందులో
నా వ్యాను ఆగుతుంది.
హారన్ కొట్టను.
మూడో అంతస్తు కిటికీలో దీపం
అప్పటికే వెలిగి ఉంటుంది,
రాత్రంతా ఆర్పలేదేమో, నేనెప్పుడూ అడగలేదు.

జుల్మీరా మెట్లు దిగడానికి పదకొండు నిమిషాలు.
చేయి అందించబోతే
“ఎడమది కాదు నాయనా, అది మిషనుది” అంటుంది.

నిజమే. ఆ చేతిలో
ధమనినీ సిరనూ కలిపి కుట్టేశారు డాక్టర్లు.
నలభై రెండేళ్ళు
సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పేర్చిన చేయి:
ఒకదాని తల పక్కన ఇంకొకదాని తోక,
గాలి కూడా దూరకుండా.
ఇప్పుడు ఆదివారం పూట
ఏడు గళ్ళ పెట్టెలో మాత్రలు పేరుస్తుంది.
వేళ్ళకింకా వేగం తగ్గలేదట.
పావుగంటలో పని అయిపోతుంది,
అదే బాధ అంటుంది.

దారిలో ఫ్యాక్టరీ కబుర్లే.
పడవలు ఏ వేళకొస్తే ఆ వేళకి సైరన్ కూసేదట,
ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో గొంతు.
“మాది కాస్త జలుబు చేసిన గొంతు.
నిద్రలో ఉన్నా పోల్చుకునేదాన్ని.
తడిజుట్టుతో, చంకలో పిల్లతో, ఎంగిలి చేత్తో
అర్ధరాత్రి వీధి వీధంతా పరుగు.
నన్ను పిలిచేవాళ్ళు అప్పుడు.”
ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు అపార్టుమెంట్లు.
గేటుకో నంబరు మీట ఉంది, నొక్కితే తెరుచుకుంటుంది.

కిటికీ నిండా సముద్రం.
ఆమెకి రోజుకు ముప్పాతిక లీటరు,
సూపుతో కలిపి.
దాహమేస్తే ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
అటు చూడకుండా కూచుంటుంది.

ముందు సీటు అదెలీనోది.
ట్రాము కండక్టరుగా రిటైరయ్యాడు.
పట్టాలు పీకేసి ఏళ్ళయినా
ప్రతి మలుపు దగ్గరా పాత స్టాపు పేరు అరిచేవాడు.
జుల్మీరా వెనక నుంచి
“టికెట్టు తీసుకోలేదు, దించెయ్” అనేది.
అక్టోబరులో ఒక సోమవారం
అతని పేరు మీద గీత కూడా లేదు,
పేరు లేని కొత్త కాగితం నా చేతికిచ్చారు, అంతే.
ఖాళీ సీట్లో నా కోటు పడేస్తే
తీసెయ్యమంది.
అప్పట్నుంచి ఫ్యాక్టరీ కబుర్లూ లేవు.
మలుపులు ఊరికే తిరుగుతున్నాం.

మొన్న శుక్రవారం
నాలుగు గంటల డయాలసిస్ అయ్యాక
నర్సు ఒక ప్రశ్నల కాగితం తెచ్చింది.
జుల్మీరా శాలువా పట్టుకుని
నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.
“గడిచిన రెండు వారాల్లో
ఎన్నిరోజులు దేని మీదా మనసు పోలేదు?”
“ఒక్కరోజూ లేదమ్మా.”
“ఎంత మంచి మాట” అంది నర్సు,
గుండ్రంగా సున్నా చుట్టింది.

తిరిగొచ్చేసరికి సన్నటి వాన.
జుల్మీరా ఒక కాలు రోడ్డు మీద పెట్టి
రెండోది వ్యానులోనే ఉంచి
ఆగిపోయింది.
“పద్నాలుగు” అంది.
ఇంటి నంబరు మర్చిపోయిందేమో అనుకున్నాను.
“ఏం పద్నాలుగు?”
“రోజులు.”

నాకు చదువు తక్కువ.
ఇలాంటప్పుడు ఏమనాలో
లైసెన్సు పరీక్షలో అడగలేదు.
లెసాలో ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడు,
నాకు మిగిలింది నాలుగు నిమిషాలు.
తాళంచెవి తిప్పేశాను.
ఇంజన్ ఆగాక గానీ తెలియలేదు
ఇన్నాళ్ళూ మేమెంత చప్పుడులో ప్రయాణం చేశామో.

ఆమె స్వెట్టరు పైకి లాగి
మిషను చేయి నా ముందుకు చాపింది.
“ఇక్కడ చెవి పెట్టు.
రాత్రుళ్ళు ఇదొక్కటే నాతో మాట్లాడేది.”

వంగాను.
పట్టీ పక్కన, పలచటి చర్మం కింద
నెత్తురు సన్నగా, ఎడతెగకుండా రొద పెడుతోంది.
“తేనెటీగలా ఉంది” అన్నాను.
“కాదు” అంది.
మరేమిటో చెప్పలేదు.
మళ్ళీ విన్నాను.

సందులో మా వెనక ఎవరో
హారన్ కొడుతున్నారు.
కొట్టుకోనీ.