కన్ను కాయ కాసింది

ఆటోనగర్ మూడో క్రాసులో
లేతు మీద బ్రేకు డ్రమ్ము తిరుగుతుండగా
ఆవగింజలో సగం లేని ఇనప రజను
జక్కరయ్య ఎడం కంట్లో దూరింది.
తీశారు. కుట్టేశారు. తొమ్మిది వారాలయింది.
ఇవాళ నా మిషను మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు,
గోళ్ల సందుల్లో గ్రీజు అలాగే ఉంది.

"రెప్ప కొట్టొద్దు బాబాయ్, పచ్చ చుక్కను చూడు."
"ఏ చుక్కమ్మా? మధ్యలో అంతా మసేగా."

తెర మీద ఆయన కంటి వెనక గోడ
అడ్డంగా కోసిన పూతరేకులా
పొరలు, పొరలు.
ఒక్కచోట మడత చెదిరిపోయి
తెల్లగా, మందంగా
కాయ కాసి ఉంది.

ఎవరికోసమో కళ్లు కాయలు కాశాయంటాం.
నిజంగా కాసిన కన్నును
రోజుకు ముగ్గురిలో, నలుగురిలో చూస్తాను.

ఆ కాయ కాసింది చూసే కణాలు కావు.
వాటి పక్కన నిలబడేవి.
ఎవరో జర్మనీ ఆయన పేరుతో మ్యులర్ కణాలంటారు,
పందిరి రాటల్లా ఈ చివర నుంచి ఆ చివరకి.
చూడటం వాటి పని కాదు.
చూసేవాళ్లకు తిండి అందించాలి,
ఎక్కువైన ఉప్పు తోడాలి, చెత్త ఎత్తాలి,
వెలుగును నలగనీయకుండా కిందికి దించాలి.
దెబ్బ తగిలిందా
ఉబ్బుతాయి. లోపల తాళ్లు పేనుకుని బిగుసుకుంటాయి.
చెయ్యీ చెయ్యీ పట్టుకుని గండికి అడ్డం పడతాయి.

బుడమేరు మా మీద పడ్డ ఏడు
సింగ్ నగర్‌లో మా వీధి చివర
ఇసుక బస్తాలు అలాగే పడ్డాయి, ఒకదాని మీద ఒకటి.
వాటి పుణ్యాన మేడ మెట్ల దగ్గరే నీళ్లు ఆగాయి.
తరవాత ఎవరూ వాటిని తియ్యలేదు.
గోనె చివికి, ఇసుక గట్టిపడి, గడ్డి మొలిచింది.
ఇప్పుడు చిన్న వానకే
మురుగు బయటికి పోయే దారి లేదు.
బస్తాలను తిట్టబోయి ఆగిపోతాను.

డాక్టరుగారు ఒకసారి టీ తాగుతూ చెప్పారు:
పొలం బోదెల్లో తిరిగే చారల చేప,
చిటికెన వేలంత కూడా ఉండదు,
దాని కన్ను గాయపడితే
ఇదే కణం తన పనీ పేరూ మరిచి
మళ్లీ పసిదై, రెండుగా చీలి,
పోయిన కణాన్ని కంటుందట.

కనడం.
చూడటానికీ పుట్టించడానికీ
మనకు ఒకటే మాట.
రెండూ తెలిసింది ఆ చేపకు.

మన జాతిలోనూ, ఎలకల్లో చూశారట,
ఆ కణం ఒక అడుగు వేస్తుంది.
పేరు మరిచిపోబోతుంది.
అంతలో వెనక నుంచి ఎవరో
చొక్కా పట్టి లాగినట్టు
తిరిగొచ్చి తన రాటలో తను నిలబడుతుంది.
ఎవరు లాగారో వెతుకుతున్నారు.
ఆ చెయ్యి దొరికితే వదిలించొచ్చని ఆశ.
జక్కరయ్యకు అందేంత దగ్గరలో లేదు.

"ఏంటమ్మా, అంతసేపు చూస్తున్నావు?"
మచ్చ చూపించాను. మూసుకుందని చెప్పాను.
తగ్గుతుందని చెప్పడం నా పని కాదు,
తగ్గదని చెప్పడం కూడా.

ఆయన అరచెయ్యి తెర పక్కన పెట్టాడు,
రెండూ పోల్చి చూసుకుంటున్నట్టు.
"పదమూడో ఏట మొదటి బొబ్బలకి
రాత్రంతా ఏడ్చా.
కాయ కాశాక నొప్పి లేదు.
మా మనవరాలి బుగ్గ పట్టుకుంటే
మెత్తగా ఉందో లేదో తెలీదు, అంతే."

బయట ఎవరో టోకెను నంబరు పిలుస్తున్నారు.
గడ్డం ఆనే చోటు స్పిరిటుతో తుడిచాను.

"రెండో కన్ను పెట్టు బాబాయ్.
చుక్క కనపడుతోందా?"

"ఆ."
కాసేపాగి,
"పచ్చగానే ఉందమ్మా."