ఇదెవరికి?

డెబ్భై అయిదు మీటర్ల అవతల
అట్టతో కోసిన మూస్ దుప్పి.
దాని పక్కటెముకల మీద పళ్ళెమంత సున్నా.
నాలుగు గుళ్ళు, తొంభై సెకన్లు,
నాలుగూ లోపలే పడాలి.
గడియారం నా చేతిలో.

తావెత్తి కెంప్పాయినెన్, డెబ్భై ఎనిమిదేళ్ళు.
"ఖాళీ అని నువ్వే చూసినా సరే
నిండే ఉందనుకో" అని
పన్నెండేళ్ళ నా చేతికి తుపాకి ఇచ్చినవాడు,
ఇవాళ నా ముందు
భుజానికి ఆన్చుకుని ఊపిరి బిగబట్టాడు.

మూడు లోపల.
ఒకటి బయట, గీతకి వేలెడు దూరం.

వేలెడే.
చుట్టూ ఎవరూ లేరు,
బిస్కెట్ ముక్కల కోసం దిగిన ఒక జే పిట్ట తప్ప.
ఆయన అడగలేదు.
అడిగుంటే బావుండేది,
కాదనడం తేలికయ్యేది.

మళ్ళీ కాల్చాడు. రెండు బయట.
మూడోసారి తనే దించేశాడు:
"గుళ్ళు దండగ, ఔనే. రాసెయ్."
రాశాను.

ఆ పొద్దునే వేటగాళ్ళ గుడిసెలో రేడియో వాగుతోంది,
హెల్సింకిలో తుపాకుల చట్టం మళ్ళీ చర్చకొచ్చిందని.
వయసట, డాక్టరు కాగితమట, ఇనప బీరువా అట.
"మనల్నే దొంగల్లా చూస్తారు" అని ఓస్మో బల్ల గుద్దాడు.
తర్వాతి వార్త, ఎక్కడో ఒక బడి.
ఊరి పేరు చెప్పేలోగా ఎవరో కట్టేశారు.
కాఫీ పొంగి పొయ్యి మీద పడింది,
ఎవరూ లేవలేదు.

చట్టం గురించి నాకు పెద్దగా తెలియదు.
ప్రాణమైన మనిషి ముందు కూడా
వేలెడంటే వేలెడే. అంతవరకే తెలుసు.

రైఫిలు మనవరాలు హిల్లా పేరు మీదికి మారడానికి
ఏడు వారాలు పట్టింది.
కాగితం వచ్చేదాకా
దాన్ని తుడవడానిక్కూడా ఆ పిల్లని ముట్టుకోనివ్వలేదాయన.
తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడట.

అక్టోబరు. కుహ్మో అడవిలో తొలి మంచు,
అతుకుల దుప్పటిలా అక్కడక్కడ.
ఈసారి తావెత్తి కుక్క వెంట నడిచాడు.
చేతిలో తుపాకి లేక ఆ చేతినేం చేసుకోవాలో తెలియక
మాటిమాటికీ జేబులో దోపుకుంటున్నాడు.
అడుగుజాడ దగ్గర వంగి, చేతొడుగు తీసి,
అంచు మీద వేలు ఆనించాడు.
"ఇంకా విరుగుతోంది. ఇప్పుడే వెళ్ళింది.
గాలి మన ముఖానికే ఉంది, పద."

ముస్తి మొరుగుడు ఒకే చోట కుదురుకుంది.
బురదమడుగు అంచున హిల్లా.
ఒక్క తూటా.

మేమంతా లేవబోతే ఆయన చెయ్యెత్తాడు.
"తడి చప్పుడది. ఊపిరితిత్తులు.
ఇప్పుడు తరిమితే కొండలు దాటిపోతుంది.
ఒక కాఫీ సేపు దాన్ని ఒంటరిగా వదలండి."
కూర్చున్నాం.
అరవై అడుగుల అవతల పడి ఉంది, పక్కకి ఒరిగి,
కళ్ళు తెరుచుకునే.
హిల్లా ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు.

సాయంత్రం స్ప్రూస్ కొమ్మల మీద పదకొండు కుప్పలు.
మా ఆనవాయితీ, ఒకడు మాంసానికి వీపు తిప్పి నిలబడాలి,
ఇంకొకడు కుప్ప చూపించి అడగాలి,
వాడు చూడకుండా పేరు చెప్పాలి.
ఏటా కుర్రాళ్ళెవరో నిలబడతారు.
ఈసారి తావెత్తి తనే వెళ్ళి చెట్లవైపు తిరిగాడు.
"దీనికి నా కళ్ళు చాలు" అన్నాడు.
నవ్వొచ్చింది కానీ నవ్వలేదు నేను.

"ఇదెవరికి?"
"ఔనెకి."

మొట్టమొదట నా పేరే.
భుజం ముక్క. గుండు దూరినచోట కమిలి ఉంది.
అలవాటు కొద్దీ వేలు పెట్టి కొలవబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఓస్మోకి, హిల్లాకి, విధవ సానెల్మాకి,
పది పేర్లూ అయ్యాయి.
"ఇదెవరికి?"
వీపు కదల్లేదు.
"తావెత్తీ, ఇదెవరికి?"
"మిగిలినవాడికి."

ఎనిమిది కిలోలుంటుంది.
సంచి భుజానికెత్తుకున్నాడు,
రైఫిలు ఆనే భుజమే,
ముస్తిని పిలిచి వెళ్ళిపోయాడు.