తరుగు

పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా
ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బజారులో
పాత నగలకు విలువ కట్టడం నా పని.
గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి,
రాళ్లు తీసి, లక్క తీసి
"తరుగు ఇంతమ్మా" అని మెల్లగా చెప్తాను.
కొందరు బేరమాడతారు.
కొందరు గొలుసును ఇంకొకసారి
మెడ దగ్గర పెట్టుకొని అద్దంలో చూసుకుంటారు.

రాత్రి ఇంటికొచ్చి
నా పాత సామాను ముందర కూర్చుంటాను.
తొమ్మిదేండ్ల కంప్యూటరు.
"ఆడపిల్లకు ఆటల పెట్టె యాలనే?" అని మేనత్త అడిగితే
అంగడి లెక్కలు రాసుకోను అని అబద్ధమాడి
మొదటి బోనసుతో కొనింది.

ఇప్పుడు ఏ కొత్త ఆట వేసినా
యుద్ధం నడిమధ్యలో దానికి నిద్రొస్తుంది.
శత్రువు కత్తి ఎత్తుతాడు.
అది దిగేలోపల నేను పోయి
కడవలో నీళ్లు ముంచుకొని తాగి రావచ్చు.
బయట నలభై మూడు డిగ్రీలు,
తెర మీద మంచు కురుస్తాంటుంది,
అదీ తడబడి తడబడి.
ఫ్యాను మాత్రం జాతరలో జనరేటరు.
పక్కింటి ఓబుళమ్మవ్వ గోడ మీద తట్టి
"పాపా, ఆ మిక్సీ ఆపు, మాత్ర మింగి పండుకున్యా" అంటుంది.

చీటీ పాడినాను. పద్దెనిమిది వేలు వచ్చింది.
దేనికి పెట్టేది?

ఖాదర్ వలీ మూత విప్పి చూసినాడు.
లోపల ఒక దిండుకు సరిపడా దూది.
స్క్రూడ్రైవరు చెవిలో దోపుకొని చెప్పినాడు:
"గ్రాఫిక్స్ కార్డు మారిస్తే ప్రాసెసరు అందుకోలేదక్కా,
కాడికి ఒక పక్క కోడె, ఒక పక్క ముసలెద్దు.
ప్రాసెసరు మారిస్తే మదర్‌బోర్డు ఒప్పుకోదు.
మదర్‌బోర్డు మారిస్తే ఈ ర్యామ్ దాంట్లో పట్టదు.
అన్నీ మార్చినామనుకో, ఇంగ డబ్బా ఒక్కటే మిగిలేది."
కాసేపాగి,
"డబ్బా కూడా తుప్పు పట్టిందిలే."

"పాత కార్డుకు ఎంతిస్తావు?"
అడగకుండా ఉండలేకపోయినా, నా పని అదే గదా.
అతను దాన్ని అరచేతిలో వేసుకొని
తూకం చూసినట్టు ఒకసారి ఎగరేసి
మెల్లగా చెప్పినాడు, "పదహైదు నూర్లక్కా."
ఆ మెల్లదనం నాకు తెలుసు.
అది నాది.
"ఇరవై రెండు వేలు పెట్టి కొనింటి" అన్నాను.
దినామూ నా బల్లకు అవతల కూర్చొని
ఎవరో ఒకరు అనే మాట.

ర్యామ్ ముక్క తీసి
చిన్న పిల్లోళ్ల రబ్బరుతో దాని అంచు తుడుస్తాంటే
పసుపు పండ్లు వరసగా మెరిసినాయి.
బంగారు పూత.
పదహారేండ్లుగా బంగారం చూస్తాండే దాన్ని,
నా ఇంట్లోనే, నా ఆటలోనే ఉండాదని
నాకు తట్టల్యా.
గీటురాయి మీద గీస్తే
గీత కూడా పడనంత.

ఆ రాత్రి నిద్ర రాల్యా. కాగితం తీసుకున్నా.
కార్డు అని రాసినా. కొట్టేసినా. మళ్లీ రాసినా.
తెల్లారి పోయి తెచ్చింది మాత్రం
ఒక ఎస్‌ఎస్‌డీ,
పాత ముక్కకు జతగా ఇంకొక ర్యామ్ ముక్క,
ఒక ఫ్యాను, వేలెడంత పేస్టు.
కార్డు జోలికి పోల్యా.
మిగిలింది మళ్లీ చీటీకే.

ఆ దినం అంగట్లో
చాపాడు నుంచి ఒకామె జుంకీలు తెచ్చింది.
తరుగు చెప్పబోతూ ఒక్క నిమిషం ఆగినా.
ఆగి, ఎంత ఉంటే అంతే చెప్పినా.

రాత్రి స్విచ్ వేసినా.
ఊపిరి తీస్తాందో లేదో అని
డబ్బాకు చెవి పెట్టి విన్నా.
శత్రువు కత్తి ఎత్తినాడు.
ఇంకా ఆలస్యమే,
కాకుంటే నీళ్లకు పోయేంత లేదు.

గోడ మీద చప్పుడు.
"పాపా, ఉండావా? సద్దే లేదే?"
"ఉండానవ్వా" అంటూ తిరిగినా,
ఆ సందులో కత్తి దిగింది.