మూడు చుట్టల దూరం

మా తాత దూరాన్ని చుట్టలతోని కొలిచేటోడు.
రేవు దాకా సగం చుట్ట.
ధర్మపురి మూడు చుట్టలు,
గాడిద మొండికేస్తే నాలుగు.
బొంబాయి ఎంత దూరమని ఎవలన్న అడిగితే
"అన్ని చుట్టలు నా దగ్గర లెవ్వు బిడ్డా" అనేటోడు.

ఇక్కడ దోహాల, పాత ఎయిర్‌పోర్టు ఎనుక,
విమానపోళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షెడ్డుల
నాది నాలుగో బల్ల.
ఉతుకుడుకు ఏసే ముందు జేబులు తడిమేది గూడ నేనే.
మొకాలు ఎరుక లేవు.
కాలరు లోపల కుట్టిన నంబర్లే నాకు మనుషులు.

4417 ఆడమనిషి కోటు.
ఎడమ భుజం జరంత కిందికి వంగి ఉంటది,
బరువు సంచి అటే ఏసుకుంటది కావచ్చు.
మంగళారం హైదరాబాద్ పోతది,
బేస్తారం నా బల్ల మీదికొస్తది.
ఒకసారి జేబుల పల్లిపట్టి కాయితం,
సగం చిరిగిన తెలుగు అక్షరాలు.
ఒకసారి స్కర్టు అంచుకు ఎర్రమన్ను.
అక్కడ వాన వడ్డదని
ఇంటికాడికెళ్లి ఫోను రాకముందే నాకు ఎరుకైంది.

పోను నాలుగు గంటలు, రాను నాలుగున్నర.
ఎందుకట్ల అంటే
గుండీలు కుట్టే టేక్ బహదూర్ చెప్పిండు:
పోయేటప్పుడు గాలి ఎనుకకెళ్లి నూకుతదట,
వచ్చేటప్పుడు మొకానికి కొడతదట.
ఈ సంగతి గాలికి గూడ తెలుసా అని నవ్విన.
వాడు నవ్వలే. దారం కొరికి ఇంకో గుండీ తీసిండు.

నాలుగు గంటలంటే నా లెక్కల యాభై రెండు కోట్లు.
పైసలు కాదు, తొడుక్కునేటివి.
నడుమ చాయ్ తాగితే నలభై తొమ్మిది.
పన్నెండు గంటల డ్యూటీ.
మూడేండ్ల సంది రోజుకు మూడు మాట్ల
ఊరికి పోయేంత ఇస్త్రీ చేస్తున్న,
ఈ బల్ల కాడికెళ్లి కదలకుండ.

దసరా ఎల్లినంక 4417 రెండు వారాలు రాలే.
సెలవేమో అనుకున్న, జ్వరమేమో అనుకున్న,
నాకేం పని అనుకున్న.
వచ్చిన నాడు జేబుల సన్నటి నల్ల ఇసుక.
ముక్కు కాడ పెట్టుకున్న. ఏ ఊరి వాసనా అందలే.
"ఆక్లాండ్" అన్నడు టేక్ బహదూర్, కాయితం చూసి.
పద్నాలుగు వేల ఐదు వందల కిలోమీటర్లు,
నడుమ యాడ దిగకుండ పదహారు గంటలు.
మన పట్నానికి ఐదింతలు.

అంత దూరం పోయి
ఆరో రోజుకు నా బల్ల మీదికి తిరిగొచ్చింది.
నేను ఐదో వంతు దూరం పోవాల్నంటే
పాస్‌పోర్టు ఆఫీసు బీరువాల ఉన్నది,
బీరువా తాళం సెలవు మీద పోయింది.

ఏది దూరం తాతా?
నీ చుట్టతోని గూడ తేలదు,
విమానంల ముట్టియ్యనియ్యరు.

సూపర్‌వైజర్ చెప్పుల సప్పుడు.
నల్ల ఇసుక దులిపి డబ్బాల వోసిన.
ఉతికి వచ్చినంక 4417 ఎడమ భుజం మీద
ఆవిరి పెట్టె రెండుసార్లు అదిమిన, సాపయింది.
మళ్లొచ్చేసరికి
వంగే ఉంటది.